సున్నం మీద వేసిన రంగు

నేను ఒక రేకును. నా గురించి చెప్పాలంటే, నన్ను ఈ గతికి తెచ్చిన మనిషి పేరు ముందు చెప్పాలి. అతని పేరు తిప్పేస్వామి. మడకశిర వైపు పల్లెల్లో పండగలొస్తే ఇళ్లకు సున్నం కొడతాడు. చెడ్డవాడా అంటే కాదు. అదే నా కడుపుమంట. చెడ్డవాడు చెడగొడితే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. ప్రేమ కొద్దీ, కూలి అడగకుండా, కూనిరాగం తీసుకుంటూ చెడగొట్టినవాణ్ణి ఏమని తిట్టాలి? అయినా తిడతాను. నాకు నోరు లేదన్న ధైర్యంతోనే కదా వాడు నా మీద అన్ని పనులు చేసింది.

నాకు కుదురు లేదు. పుట్టుకతో వచ్చిన గుణం. ఎండ పడితే సాగుతాను, చల్లబడితే ముడుచుకుంటాను. బోల్టులు నన్ను పట్టి ఆపుతాయి, నేను లాగుతాను. ఆ పెనుగులాటలో టక్కుమని చప్పుడవుతుంది, కిందున్న మనుషులు ఉలిక్కిపడి తలెత్తి చూస్తారు. నా మీద ఏ పూత వేసినా అది నాతోపాటు సాగాలి, నాతోపాటు ముడుచుకోవాలి. చేతకాకపోతే పగులుతుంది. గోడకు ఈ బాధ లేదు, అది కదలదు. గోడలకు వేసి వేసి అలవాటు పడిన చెయ్యి తిప్పేస్వామిది. నన్ను కూడా పడుకున్న గోడ అనుకున్నాడు.

నేను పుట్టింది ఎక్కడో పెద్ద కార్ఖానాలో. ఇనుమును రోలర్ల మధ్య నలిపి నలిపి పల్చగా చేసి, కరిగిన జింకులో ముంచి తీశారు. ఆ జింకు నా మొదటి చొక్కా. దాని పని ఒక్కటే, నా కంటే ముందు తాను చావడం. గాలీ నీళ్లూ ఇనుమును తినడానికి వస్తే, ముందు నన్ను తినండి అని అడ్డం నిలబడుతుంది. అలాంటివాళ్లు మనుషుల్లో ఉన్నారా అంటే, నేను పైనుంచి చూసినంతలో ఒక ఆడమనిషి కనిపించింది. ఆమె సంగతి వస్తుంది.

కార్ఖానా నుంచి హిందూపురంలో ఒక ఇనుప సామాన్ల అంగడికి చేరాను. వెనక పెరట్లో మమ్మల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి వదిలేశారు. వాననీళ్లు మా మధ్య దూరాయి. రెండు రేకుల మధ్య తడి నిలిచి, గాలి ఆడకపోతే, జింకు బూజు పట్టినట్టు తెల్లగా పొడిబారిపోతుంది. కొట్టాయన అది చూశాడు. నన్ను తిరగేసి మచ్చ ఉన్న వైపు కిందికి పెట్టి, పైవైపు నూనెగుడ్డతో తుడిచాడు. కొనడానికి వచ్చిన రైతు పైవైపే చూసి మురిసిపోయాడు. అద్దంలా ఉందన్నాడు. పెళ్లిచూపుల్లో కూడా ఇంతే జరుగుతుందని తర్వాత విన్నాను.

ఆ రైతు పేరు హనుమంతరాయప్ప. పట్టుపురుగులు మేపుతాడు. మల్బరీ తోట ఉంది, అందులో మంచినీళ్ల బోరు ఉంది. పురుగులు పెట్టడానికి చోటు మాత్రం లేదు. అంతవరకూ ఇంటి నడవలోనే మేపేవాడు, మనుషులు వసారాలో పడుకునేవాళ్లు. తోటలోనే షెడ్డు వేయాలనుకుని, ఆ తోటనే శివలింగప్ప దగ్గర కుదువ పెట్టాడు. శివలింగప్పకు ఎరువుల అంగడి ఉంది, మాట మహా మెత్తన. రెండేళ్ల గడువు ఇచ్చాడు. ఈలోపు పట్టుగూళ్లు అమ్మి అప్పు తీర్చాలి, లేకపోతే తోట రిజిస్టరు చేసి ఇవ్వాలి. తోట పోతే ఆకు లేదు. ఆకు లేకపోతే పురుగు లేదు. పురుగు లేని షెడ్డుకు నేనెందుకు? ఈ లెక్క నన్ను ట్రాక్టరు మీది నుంచి దించేటప్పుడే అతని భార్య గంగరత్నమ్మ వేసేసింది.

"తోట పెట్టి రేకులు తెస్తివి. ఇవి కారితే ఏం చేస్తావు?"

"రేకులు యాడన్నా కారతాయా? బోదగడ్డి కొట్టం అనుకుంటివా?"

"బోదకొట్టమైతే బోద మారుస్తాం. ఇవి మార్చల్లంటే మళ్లా ఏం కుదువ పెడతావు, నన్నా?"

"నిన్నెవురు పెట్టుకుంటారే" అన్నాడు హనుమంతరాయప్ప. ఆమె నవ్వింది. ఆమె నవ్వు నేను అట్టే వినలేదు, అందుకే గుర్తుంది.

నన్ను కొలతకు కోసేటప్పుడు మిషను నిప్పురవ్వలు నా మీద రాలాయి. నలుసంతటి ఇనుప రవ్వలు, వేడివేడిగా పడి జింకుకు అతుక్కుపోయాయి. పని అయ్యాక ఒక చీపురు తిప్పితే పోయేవి. ఎవరూ తిప్పలేదు. మంచుకు తడిసి ముందు అవి తుప్పు పట్టాయి, తర్వాత ఒక్కొక్కటీ తన కింద చిన్న గుంట తవ్వుకుంది. నన్ను పైకెక్కించి, టెంకాయ కొట్టి, పసుపు రాసి, అందరూ కిందికి దిగిపోయారు. నాలో అప్పటికే విత్తనాలు పడ్డాయి.

హనుమంతరాయప్ప గురించి ఒక మాట చెప్పాలి. అంత శుభ్రమైన మనిషిని నేను చూడలేదు. పట్టుపురుగుకు రోగం తేలిగ్గా అంటుకుంటుంది, ఒక్కదానికి వస్తే తట్టలు తట్టలు పోతాయి. అందుకని పంట పంటకూ ముందు షెడ్డంతా బ్లీచింగు నీళ్లు కొట్టి, తలుపులు బిగించి వదిలేస్తాడు. నేల, గోడ, తట్ట ఏదీ వదలడు. తలెత్తి నా కడుపు మీద కూడా కొడతాడు. పక్క తోటలవాళ్లు ఒక చెంబు కలిపితే ఇతను బక్కెట్టు కలుపుతాడు. ఆ ఘాటుకు రోగాలు చచ్చేవి, నిజమే. నా జింకు కూడా చచ్చేది. అతనికి పురుగుల ఒళ్లు తెలిసినంతగా నా ఒళ్లు తెలియదు. మురికిగా ఉన్న పక్క షెడ్డులో పంటలు పోయాయి గానీ, దాని రేకులు ఇప్పటికీ మెరుస్తున్నాయి. లోకంలో న్యాయం ఇలా ఉంది.

షెడ్డులోకి ఎవరు రావాలన్నా గడపలో ఉన్న మందునీళ్లలో కాళ్లు ముంచాల్సిందే. గంగరత్నమ్మ తమ్ముడు తిప్పేస్వామి మొదటిసారి వచ్చినప్పుడు అక్కడే పేచీ పడింది.

"కాళ్లు కడుక్కోని రాప్పా" అన్నాడు హనుమంతరాయప్ప.

"ఏం బావా, నీ పురుగులకుండే మర్యాద బామ్మర్దికి లేదు గదా."

"నువ్వూ గూడు కట్టు, నీకూ చేస్తా మర్యాద."

ఆ వేసవి చాలా మండింది. నా కింద పురుగులు ఆకు వదిలేసి తలలు వేలాడేశాయి. తడి గోనెలు కట్టినా లాభం లేకపోయింది. తిప్పేస్వామి ఒకసారి తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపు నాకు అప్పుడే నచ్చలేదు.

"దీనికింత ఆలోచన యాల? పైన సున్నం కొడితే సల్లగుంటాది. నేను కొడతా. కూలీ వద్దు, అక్క సంగటి పెడితే చాలు."

"రేకు మీద నిలుస్తాదా సున్నం?" అంది గంగరత్నమ్మ.

"జిగురుంటాది గదా. దాంతోపాటు దోసెడు ఉప్పు. ఉప్పేస్తే సున్నం పట్టుకుంటాది, వదిలేదే లేదు. మన ఇంటికి ఎట్ల కొడితిని? చెయ్యి పెట్టి రుద్దినా అంటుతాదా?"

అంటదు, గోడకు కొడితే. అతని తండ్రి నేర్పిన పద్ధతి అది, గోడ విషయంలో తప్పు పట్టడానికి లేదు. కానీ ఇనుముకు ఉప్పు పెట్టేవాణ్ణి ఏమనాలి? దోసెడు అని చెప్పి, అక్కమీది ప్రేమతో మూడు దోసిళ్లు వేశాడు. నా మీద కూర్చుని, చీపురుకుంచెతో తెల్లగా పులిమాడు. బోల్టుల చుట్టూ మందంగా మెత్తాడు, నీళ్లు దిగకుండా ఉండాలని. అక్కడే ఉప్పు నిలిచింది.

నిజం చెప్పాలి, షెడ్డు చల్లబడింది. పురుగులు ఆకు అందుకున్నాయి. గూళ్లు గట్టిగా వచ్చాయి, హిందూపురం మార్కెట్టులో మంచి రేటు పలికాయి. శివలింగప్పకు కొంత చెల్లు వేశారు. ఊరంతా తిప్పేస్వామి సున్నం గురించే మాట. అతను మీసం దువ్వుకుంటూ తిరిగాడు. తరువాత వాన పడి సున్నం సగం కారిపోయింది, మళ్లీ కొట్టాడు. మళ్లీ పంట వచ్చింది. పైన నేను మంటతో గిలగిలలాడుతున్నాను, కింద వాళ్లు సంతోషంగా ఉన్నారు. నా మంట ఎవరికీ కనిపించకుండా పొర ఒకటి, తెల్లగా, నా మీద.

రెండో ఏడు చివరికొచ్చేసరికి ఇంక ఒక్క మంచి పంట వస్తే చాలు అన్నంత దగ్గరికి వచ్చారు. గంగరత్నమ్మ గూళ్లు అమ్మిన డబ్బులోంచి మిగిల్చి, ఎండను తిప్పికొట్టే తెల్లరంగు డబ్బాలు తెప్పించింది. మాటిమాటికీ సున్నం కొట్టే పని ఉండదని అంగడివాడు చెప్పాడు. డబ్బా మీద రాసింది కూడా చదివి వినిపించాడు. ముందు గీకాలి, కడగాలి, బాగా ఆరనివ్వాలి, కింద పూత వేయాలి, ఆ తర్వాతే ఇది.

ఆ రోజు జరిగిన మాటలు ఒక్కటీ మరవలేదు. చాకీ పురుగులు, అంటే పొర విడిచే మొదటి రెండు జ్వరాలు దాటించి అమ్మే పిల్ల పురుగులు, ఎల్లుండి వస్తాయి. ముందే చెప్పి పెట్టుకున్న తేదీ, మార్చడానికి లేదు. రంగు వాసన తగిలితే పురుగు మేత ముట్టదు, కాబట్టి వాసన పోవడానికి టైము కావాలి.

"డబ్బా మీద కడగల్ల అని ఉండాదంట గదా" అంది గంగరత్నమ్మ.

"నీళ్లు మాత్రం పొయ్యొద్దు" అన్నాడు హనుమంతరాయప్ప. "నిన్ననే లోపలంతా బ్లీచింగు కొట్టి మూసినా. బోల్టు సందులో ఒక్క చుక్క దిగినా నా పనంతా మళ్లా మొదటికే."

"అయితే గీకనన్నా గీకండి."

"అక్కా, తెల్లదాని మీద తెల్లది ఏస్తాండాము. ఇంగ గీకేదేముండాది?" అన్నాడు తిప్పేస్వామి. "రాసేటోడు మన షెడ్డు చూసినాడా? చీపురేసి ఊడుస్తా. గమ్మునుండు."

ఊడ్చాడు. పైపైన. తర్వాత నా మీద నాలుగడుగులు వేసి ఆగాడు. ఒంగి తన పాదాల వంక చూసుకున్నాడు. చీలమండల దాకా తెల్లగా సున్నప్పొడి. అది అతనికి కనిపించింది, నాకు తెలుసు. పాదం నా అంచుకు రాసి తుడుచుకుని, డబ్బా మూత తీశాడు. ఇదీ నా ఫిర్యాదు. నడిచే కాలికే అంటుకుని వచ్చేసే పొడి, రంగును ఎట్లా పట్టి నిలబెడుతుంది? రంగు నన్ను ముట్టుకోనేలేదు. అది సున్నాన్ని పట్టుకుంది. సున్నం దేన్నీ పట్టుకోలేదు. వీటి కింద ఉప్పు, ఉప్పు కింద నేను.

చూడటానికి మాత్రం ఎంత బాగున్నానో. పాలు పోసినట్టు మెరిశాను. రోడ్డు మీద పోయేవాళ్లు సైకిళ్లు ఆపి చూశారు. శివలింగప్ప కూడా వచ్చి, "షెడ్డు బాగుండాదప్పా, తోట విడిపించుకుంటావులే" అన్నాడు మెత్తగా. మనుషులకు ఈ జబ్బు ఉంది. తెల్లగా ఉంటే బాగున్నట్టే లెక్క. నేను కింద గుంటలు పడుతూ ఉంటే పైనుంచి చూసి మెచ్చుకున్నారు. అంతకుముందు తుప్పు మరక కనిపిస్తే కనీసం ఎవరో ఒకరు వేలు చూపేవాళ్లు. రంగు ఆ అవకాశం కూడా లేకుండా చేసింది.

పిల్ల పురుగులు వచ్చాయి. షెడ్డు చల్లగా ఉంది. పురుగులు లావెక్కాయి. నేను ఎండకు సాగాను, పొద్దుగూకి ముడుచుకున్నాను, రంగు నాతో రాలేకపోయింది. ముందు వెంట్రుక వాసి చీలికలు వచ్చాయి. ఒక మబ్బు రోజు చిన్న జల్లు పడితే ఆ చీలికల్లోంచి నీళ్లు దిగి, పొర కింద బొబ్బలు లేచాయి. బయట ఎండ కాసినా ఆ బొబ్బల కింద తడి ఆరదు. తడిగుడ్డ కప్పినట్టు నా మీద పడుకుని ఉంటుంది. అంతకంటే ఏ పూతా లేని నాడే నాకు నయం, తడిసినా ఆరేదాన్ని. తర్వాత గాలికి పొరలు పొరలుగా లేచిపోయి తోటలో పడ్డాయి. గంగరత్నమ్మ ఆకు కోస్తూ మల్బరీ కొమ్మల మీది నుంచి తెల్లటి పెచ్చులు ఏరింది. ఇంత పెద్దవి, అరచేయంత. ఒకటి తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఏంరా ఇది?"

అతను తిరగేసి చూశాడు. పెచ్చు వెనక వైపు సున్నం, సున్నానికి ఎర్రటి తుప్పు.

"రంగు మంచిది కాదు అక్కా. అంగడోడు మోసం చేసినాడు" అన్నాడు.

విన్నారా? డబ్బాది తప్పు. అంగడివాడిది తప్పు. వారం తిరక్కుండా తారు తెచ్చి బోల్టుల చుట్టూ పూశాడు. తడి మీదే. తెల్లటి నా మీద నల్లటి మచ్చలు. నల్లవి ఎండను పీల్చాయి, అక్కడ ఇంకా ఎక్కువ సాగాను. నాకు అసలే కుదురు లేదంటే, ఒకే ఒంట్లో రెండు రకాల కుదురులేనితనం పెట్టాడు మహానుభావుడు.

చివరి జ్వరం దాటిన పురుగు తినే తిండి చూడాలి. రోజంతా ఆపకుండా నములుతుంది. వేల పురుగులు ఒక్కసారి నమిలితే షెడ్డులో వాన కురుస్తున్నట్టే చప్పుడు. రెండు మూడు రోజుల్లో గూడు కట్టడానికి చంద్రికలనే వెదురు తడికల మీదికి ఎక్కించాలి. ఆ మధ్యాహ్నం ఇద్దరూ తట్టల మధ్య నిలబడి ఆ చప్పుడు వింటున్నారు. హనుమంతరాయప్ప మొహంలో అలాంటి వెలుగు నేను చూడలేదు.

"ఇను" అన్నాడు. "ఇది మన తోట తిరిగొచ్చే చప్పుడు."

గంగరత్నమ్మ ఆకు సర్దడానికి చెయ్యి చాపింది. ఆకు తడిగా ఉంది. అప్పుడు గానీ తెలియలేదు వాళ్లకు, పైన నిజంగానే వాన పడుతోందని. రెండు చప్పుళ్లూ కలిసిపోయాయి. నేను ఆపలేకపోయాను. బోల్టు చుట్టూ ఉన్న నా ఒళ్లు జల్లెడలా ఉంది. ఎర్రటి నీళ్లు, సున్నం కలిసిన నీళ్లు, రెండేళ్లుగా నా కడుపుకు పట్టిన బ్లీచింగు కడిగిన నీళ్లు, అన్నీ తట్టల్లో పడ్డాయి. వాళ్లు టార్పాలిను కట్టారు, తట్టలు లాగారు, ఆమె తన చీర కొంగుతో ఆకు తుడిచింది. ఒక్కొక్క ఆకు. వాన మూడు రోజులు వదల్లేదు.

నెమ్ము పట్టిన షెడ్డులో పురుగులకు సున్నపుకట్టు రోగం తగిలింది. పురుగు మేత మాని, బిగుసుకుని, సుద్దముక్కలా తెల్లగా గట్టిపడిపోతుంది. ఒక తట్టలో మొదలై అన్నిటికీ పాకింది. హనుమంతరాయప్ప చేటలకెత్తి బయటికి మోశాడు. తోట చివర గుంట తీసి పూడ్చారు. పురుగులు గలగలమన్నాయి, బియ్యం పోసినట్టు.

తిప్పేస్వామి కబురు విని వచ్చాడు. గడప దగ్గర, మందునీళ్ల ముందు నిలబడిపోయాడు, ఒక కాలు ఎత్తి.

"రాప్పా, అట్లే రా" అన్నాడు హనుమంతరాయప్ప. "కాళ్లు కడిగేదేముండాది. లోపల ఎవురున్నారని."

అతను రాలేదు. ఎత్తిన కాలు వెనక్కు దించి, అక్కడే కూలబడ్డాడు. గంగరత్నమ్మ మాత్రం ఖాళీ తట్టలు కడుగుతూనే ఉంది. ఇంకో పంట పెట్టడానికి చేతిలో ఏమీ లేదని ఆమెకు తెలుసు. అయినా కడిగింది.

గడువు అయింది. శివలింగప్ప కేకలు వేయలేదు. "నాకు మాత్రం ఇష్టమా, అప్పా" అని మెత్తగానే అన్నాడు. మడకశిరలో రిజిస్టరు అయింది. మల్బరీ మొక్కలు పీకేశారు. షెడ్డు విప్పి, నాతోపాటు పైన ఉన్న రేకులన్నీ పాత ఇనుముకు అమ్మేశారు. నన్ను మాత్రం పక్కన పెట్టమన్నాడు శివలింగప్ప. రెండు గుంజల మధ్య బిగించి రోడ్డు వైపు బోర్డు పెట్టించాలని. కన్నాలున్నా అక్షరాలకు సరిపోతుందిలే అన్నాడు. రాయడానికి మనిషి కావాలి. పల్లెల్లో సున్నం పని లేని నెల. ఎవరు దొరుకుతారు?

ఇనుప బ్రష్షు పట్టుకుని వచ్చాడు తిప్పేస్వామి. నన్ను నేల మీద పడుకోబెట్టి, ముందు పెచ్చులన్నీ గీకాడు. తర్వాత తుప్పు గీకాడు, కింద మెరుపు తేలేదాకా. రెండుసార్లు కడిగాడు. అరచెయ్యి పెట్టి రాసి, చెయ్యి చూసుకుని, మూడోసారి కడిగాడు. ఎండలో ఆరబెట్టి పక్కనే కూర్చుని బీడీ కాల్చాడు. శివలింగప్పకు ఓపిక లేకపోయింది.

"ఇంగెంతసేపప్పా? అక్షరాలు ఏసెయ్."

"ఆరల్ల సామీ. తడుంటే ఊడొస్తాది. కింద ఎర్రపూత ఏసి, అదీ ఆరినంక తెల్లది. అక్షరాలు రేపు."

"ఎప్పట్నుంచి వచ్చిందప్పా నీకు ఈ తెలివి?"

తిప్పేస్వామి బీడీ ఆర్పేశాడు.

నా జీవితంలో అంత శ్రద్ధగా నన్ను ఎవరూ ముట్టుకోలేదు. ఎర్రపూత నా గుంటల్లోకి దిగి పట్టుకుంది. తెల్లరంగు ఎర్రపూతను పట్టుకుంది. ఎండకు నేను సాగితే అవీ సాగాయి. మరుసటి రోజు శివలింగప్ప రాసిచ్చిన చీటీ చూస్తూ, చదువు అంతగా రాని చేత్తో, ఒక్కొక్క అక్షరం బొమ్మ గీసినట్టు గీశాడు. చివరి వరుస దగ్గర కుంచె ఆగింది.

"సెంట్లు కూడా రాయి. పూర్తిగా ఉండల్ల" అన్నాడు శివలింగప్ప.

రాస్తుండగా రోడ్డు మీద గంగరత్నమ్మ వచ్చింది. ఇప్పుడు పక్క ఊరి తోటల్లో ఆకు కోతకు కూలికి పోతోంది. తలమీద గోనె, చేతిలో కొడవలి. ఆగి బోర్డంతా ఒకసారి చూసింది. దగ్గరికొచ్చి గోటితో నా అంచు మీద రంగు గీరింది. ఊడలేదు.

"బాగా ఏసినావురా" అంది తమ్ముడితో. "ఇది నిలుస్తాది."

వెళ్లిపోయింది. అతను కుంచె మళ్లీ ఎర్రరంగులో ముంచాడు. నేను ఇప్పుడు కూడా పొద్దున సాగుతాను, సాయంత్రం ముడుచుకుంటాను. గుంజలు కిర్రుమంటాయి. దారిన పోయేవాళ్లు నన్ను చదువుతారు. ఎన్ని ఎండలూ వానలూ పోయినా ఒక్క అక్షరం కూడా లేవలేదు: ఈ స్థలము బి. శివలింగప్ప గారిది. ఇతరులు ప్రవేశించరాదు. సర్వే నంబరు 148/2. విస్తీర్ణము ఒక ఎకరా ఇరవై రెండు సెంట్లు, బోరుతో సహా.